ఓర్లీన్ గీసే గీతలు

ఓర్లీన్ టటిల్ రోజూ పొద్దున్నే వరండాలో కూర్చుని, రోడ్డు మీద కారు పోయినప్పుడల్లా చర్చి కాగితం వెనక పెన్సిలుతో ఒక గీత గీస్తుంది. పాత అలవాటు. మా కరోలైనా మట్టి ట్రాకుల మీద కార్ల పందేలు జరిగిన రోజుల్లో, మొగుడి కారు ఒక చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా గీత గీసే పని పెళ్ళాలదే. ఆ గీతలే తీర్పు. ఒక ఆదివారం జారిపోయిన పెన్సిలు కోసం వంగి, ఆమె ఒక చుట్టుకి గీత గీయలేదు. ఆమె మొగుడు హోయిట్ తన జన్మలో గెలవాల్సిన ఒకే ఒక్క పందెం అలా పోయింది. ఆ సంగతి పక్కింట్లో ఉండే నాకొక్కదానికే చెప్పింది, అదీ నేను పదేళ్ళు గుచ్చి గుచ్చి అడిగితే.

నిన్న హోయిట్ ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఏమే, డాక్టరు ఇంక నెలే అన్నాడు. ఇప్పుడైనా చెప్పు. ఆ రోజు ఒక గీత తప్పావా?"

"కళ్ళలో వత్తులేసుకుని గీశాను, ముసలోడా. తప్పంతా నీ డొక్కు కారుది."

"అంతేలే. అరవై ఏళ్ళు నిన్ను ఊరికే అనుమానించాను," అని అతను ఆమె మోకాలు తట్టాడు.

అంతలో రోడ్డు మీద ఒక ట్రక్కు పోయింది. ఒక్కటే. ఓర్లీన్ తల ఎత్తకుండా రెండు గీతలు గీసింది.