సింకు కింద పెళ్ళి కండువా

ఆ రోజుల్లో నాకు భర్తంటే సగం పరిచయమైన చుట్టంలాంటివాడు. పెళ్ళయిన పన్నెండో రోజున ఆయన విమానం ఎక్కేశారు. నాకు వీసా వచ్చి, ఆయన ఉద్యోగం చేసే మంచు ఊరు అరోరా చేరేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా ఫోన్లో మేం మాట్లాడుకున్నదల్లా తిన్నావా, తిన్నాను, మీరు తిన్నారా అనే (ఇద్దరం తిన్నామని తేలిపోయాక ఇంకేం మాట్లాడాలో ఇద్దరికీ తెలిసేది కాదు). అందుకని ఆయన ఎలాంటి మనిషో ఆయన్ని అడక్కుండా, చేసే పనులను బట్టి నేనే పసిగట్టాలని తీర్మానించుకున్నాను. అదే నా కొంప ముంచింది.

నేను దిగింది నడి జనవరిలో. పాతకాలపు చెక్క ఇంట్లో పై వాటా మాది, కింద ఇంటి యజమాని ముసలాయన. మొదటి రోజు పడుకోబోయే ముందు మా ఆయన వంటింట్లోకి వెళ్ళి, సింకు కుళాయిని సన్నటి ధారగా తిప్పి, సింకు కిందున్న అలమర తలుపులు బార్లా తీసి, ఓసారి లోపలికి తొంగి చూసి, వచ్చి పడుకున్నారు. మర్నాడూ అంతే. దీపం పెట్టినంత శ్రద్ధగా చేస్తుంటే ఏదైనా మొక్కేమో అనుకున్నాను. ధైర్యం చేసి, "ఏమండీ, అదెందుకు?" అని అడిగితే, "ఇక్కడంతే" అన్నారు. ఆయన దగ్గర అన్నింటికీ అదే జవాబు. చెప్పులు గుమ్మం దగ్గరే ఎందుకు విప్పాలన్నా ఇక్కడంతే, చెత్త గురువారమే ఎందుకు బయట పెట్టాలన్నా ఇక్కడంతే.

నాది అనంతపురం. మా వీధిలో ఐదు రోజులకోసారి నీళ్ళు వదిలేవాళ్ళు. బియ్యం కడిగిన నీళ్ళు కూడా మా అమ్మ ఊరికే పారబోసేది కాదు. ఆయనది కోనసీమ, ఇంటి వెనకే పంటకాలువ. ఇక ఇక్కడంతే ఏమిటి, గోదావరి పొగరు కాకపోతే, అనుకున్నాను. ఆయన నిద్రపోగానే లేచి, కుళాయి గట్టిగా బిగించి, ఇల్లాలిగా నా వంతు పనిగా అలమర తలుపులు కూడా చక్కగా మూసేదాన్ని. పగలు గిన్నెలు, చెంబులు, కుక్కరుతో సహా నీళ్ళు నింపి పెట్టుకునేదాన్ని (రేపు రాకపోతే?). ఉదయం ఆయనకంటే ముందే లేస్తాను కనుక, కుళాయి అప్పుడే కట్టేశానని ఆయన అనుకునేవారట.

నాలుగో రోజు సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి ఫోను చూసుకుంటూ కంగారుగా వచ్చారు. బూట్లయినా విప్పకుండా సూట్‌కేసు తెరిచి, మా పెళ్ళినాటి పట్టంచు కండువా తీసుకుని, సింకు కింద దూరారు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఏం చేస్తాండారండీ?"

"చుడుతున్నా. చలి బాగా ఎక్కువంట."

"ఎవరికి చలి?"

"పైపుకి."

మా వాళ్ళు ఉద్యోగం విచారించారు, జీతం విచారించారు, జాతకం చూపించారు. మతి సంగతి మాత్రం ఎవరూ విచారించలేదే అనుకున్నాను. అమ్మకు ఫోన్ చేద్దామని నంబరు కూడా నొక్కాను. కానీ ఏమని చెప్పను? నీ అల్లుడు పైపుకు కండువా కప్పుతున్నాడని చెబితే నాకే పిచ్చనుకుంటుంది. ఆ రాత్రి కూడా లేచి కుళాయి బిగించాను, పాపం ఆయన మనశ్శాంతి కోసం కండువా మాత్రం ముట్టుకోలేదు.

తెల్లారి కుళాయి తిప్పితే చుక్క రాలేదు. మా ఆయన ముఖం పాలిపోయింది. గోడలో పైపు పగిలితే కింద ముసలాయన ఇల్లంతా తడిసిపోతుందట, అలాంటివాళ్ళని ఇంట్లో ఎవరు ఉండనిస్తారు అని అప్పుడు చెప్పారు, తీరుబడిగా. పైపులో నీళ్ళు గడ్డకట్టకుండా ధార వదలాలనీ, ఇంట్లోని వెచ్చటి గాలి తగిలేలా తలుపులు తీసి ఉంచాలనీ కూడా అప్పుడే చెప్పారు.

మా ఆయన కిందికెళ్ళి చెప్పగానే ముసలాయన జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు పట్టుకుని వచ్చారు. వంగి, కండువా విప్పి, అంచు కాసేపు తడిమి చూసి, "సన్, దిస్ ఈజ్ ద డ్రెయిన్" అన్నారు. అంటే మా పెళ్ళి కండువా ఎంగిలి నీళ్ళు పోయే గొట్టానికి కాపలా కాసిందన్నమాట. తర్వాత అసలు పైపు మీదికి డ్రయ్యరు తిప్పి, రాత్రంతా కుళాయి వదిలే ఉంచారా అని అడిగారు. మా ఆయన తప్పకుండా వదిలానన్నారు. అలా అయితే గడ్డకట్టదే అని ముసలాయన కనుబొమలు ముడిచారు. మా ఆయనకు అయోమయం.

ఇక దాచలేక, "నేనే కట్టేసినా. రోజూ" అన్నాను నేలచూపులు చూస్తూ.

ఆయన నావంక చూశారు. నిండుగా ఉన్న కుక్కరు వంక చూశారు. ఆ తర్వాత ముసలాయన వైపు తిరిగి, "సారీ, ఐ ఫర్గాట్" అన్నారు. ఎనిమిది నెలలు ఫోన్లో మాట్లాడినా తెలియని మనిషి ఆ ఒక్క అబద్ధంతో నాకు తెలిసిపోయాడు.

పైపు పగల్లేదు, గంటకు నీళ్ళు వచ్చాయి. ఈలోగా నేను కుక్కరులోని నీళ్ళతోనే కాఫీ పెట్టాను (బాత్రూమ్ కుళాయి వస్తూనే ఉంది గానీ, ఆ నీళ్ళతో కాఫీ ఎవరైనా పెడతారా?). ముగ్గురం తాగాం.

ఇప్పుడు సొంతిల్లు, మంచి గోడలు. అయినా చలి ముదిరిందంటే రాత్రి కుళాయి వదిలేది నేనే, కింద గిన్నె పెట్టి మరీ. ధార చప్పుడు వింటే చెయ్యి ఇంకా కట్టెయ్యమనే అంటుంది. అప్పుడు ఆ పిచ్చి పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. భర్తకు మతి పోయిందేమోనని రాత్రంతా హడలిపోయింది గానీ, పక్కనే పడుకున్న మనిషిని గట్టిగా ఇంకో మాట అడగడానికి మొహమాటపడింది.