రాగి బిందె నీళ్లు

ఆ రోజుల్లో మా చేవెళ్లలో చదువుకున్న పిల్లలు రెండే రకాలు: సాఫ్ట్‌వేర్ కోర్సు చేసినవాళ్లు, చేయబోతున్నవాళ్లు. నేనేమో పాచి పెంచేదాన్ని. మొయినాబాద్ బస్సులో ఎవరైనా నా చదువు గురించి అడిగితే బాపు "కంప్యూటర్లే" అని మాట దాటేసేవాడు. ఇంట్లో మాత్రం గడువు పెట్టాడు. దసరాలోపు నా పరిశోధన ఒక దారికి రాకపోతే కోర్సులో చేరాల్సిందే.

పాచి కణాలకు విషలోహం తగిలితే, అప్పటిదాకా ఊరకున్న కొన్ని జన్యువులు పనిలోకి దిగుతాయి. అవి చేయించే ప్రొటీన్లు లోహాన్ని పట్టి కట్టేస్తాయి. అది కొలవడమే నా పని. పోలిక కోసం లోహం తగలని పాచి కూడా కావాలి. కాలేజీలో కరెంటు కోతలకు జడిసి ఆ పాచి సీసాలను ఇంటి కిటికీలో పెట్టాను. నీళ్లు తగ్గితే డబ్బాలోని శుద్ధిచేసిన నీళ్లే పొయ్యమని అవ్వకు, అంటే మా అమ్మకు, అప్పజెప్పాను.

తీరా చూస్తే లోహం తగలని పాచిలోనూ ఆ జన్యువులు జోరుగా పనిచేస్తున్నాయి. కారణం చెప్పు, లేదా టాపిక్ మార్చు అన్నారు మా సార్. లారీల పొగను తిట్టాను, జన్యువులను కొలిచే మిషన్‌ను తిట్టాను. కన్నతల్లిని మాత్రం అనుమానించలేదు.

ఒక పొద్దున అవ్వ రాగి బిందెలోంచి చెంబు ముంచి సీసాల్లో పోస్తూ కనిపించింది.

"ఏం పోస్తున్నవే అవ్వా?"

"డబ్బల నీళ్లు ఎప్పుడో ఒడిసినయ్ బిడ్డా. బోరు నీళ్లు ఉప్పగున్నయ్ గద. రాత్రి బిందెల నిలిపిన నల్లా నీళ్లు పోస్తున్న. మనం తాగేటియే, పానానికి మంచియి."

మన పానానికి మంచివే. పాచికి ఆ కాస్త రాగే విషం. నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి.

ఆ నీళ్లను సీసాలో పట్టుకుని బస్సెక్కాను. పరీక్షిస్తే రాగి తేలింది. కొత్త పాచికి అవే నీళ్లు పోస్తే అవే జన్యువులు మళ్లీ పనిలోకి దిగాయి. "నీ పాచి మీ ఇంటి బిందెను కూడా పట్టేసిందమ్మా, టాపిక్ మార్చకు" అన్నారు సార్. నెత్తిన పాలు పోసినట్టయింది.

విషయం చెబితే అవ్వ ముఖం చిన్నబోయింది.

"సచ్చిపోయినయా?"

"లేదవ్వా. తట్టుకున్నయ్."

బాపు పక్కనే కూర్చుని అంతా విన్నాడు. మర్నాడు బాపుతో బస్సులో పోతుంటే ఎవరో నా చదువు గురించి అడిగారు. ఆయన పరువు కాపాడదామని నేనే "కంప్యూటర్లు" అనబోయాను.

"కాదే," అన్నాడు బాపు, "మా బిడ్డ పాచి మీద చదువుతున్నది."