హూక్ వెళ్లే ఓడ

నిన్న మోటర్‌వే మీద ఒక లారీ వెనక "హూక్" అన్న పేరు చూశాను.

అమ్మ అస్థికలు సముద్రంలో కలపడానికి నాన్న నన్ను ఈస్ట్ హామ్‌లోని మా ఇంటి నుంచి హారిచ్ రేవుకి తీసుకెళ్లినప్పుడు నాకు ఏడేళ్లు. అక్కడ ఓడ దగ్గరి బోర్డు మీదా అదే పేరు.

"హూక్ అంటే ఏంటి డాడీ?"

"డచ్ మాట. మూల అని అర్థం. సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేలనీ అలాగే అంటారు. ఓడ అక్కడికే వెళ్తుంది."

అమ్మా అక్కడికే వెళ్తోందనుకున్నాను.

అస్థికలు కలిపాక, "వెనక్కి చూడకుండా నడువు" అన్నాడు నాన్న. చూస్తే అమ్మకి ఓడ తప్పిపోతుందని తల వంచుకుని నడిచాను. ఏడుపు రాలేదు.

కారు దగ్గర నాన్న ఆగి, వెనక్కి తిరిగి చాలాసేపు చూశాడు.

తను చెప్పింది తనే మర్చిపోయాడని ఎన్నో ఏళ్లు అనుకున్నాను.