చోటు మారే సరుకులు

ఆ దుకాణంలో ఆమెను అందరూ "దిక్సూచి" అనేవాళ్లు. దువ్వెనలెక్కడని ఎవరడిగినా తల తిప్పకుండానే చెప్పేది. కంపెనీ పెద్దది, ఊరూరా దుకాణాలున్నాయి. ఏ ర్యాకులో ఏ సరుకుండాలో హెడ్డాఫీసులో ఎవరో గీసి పంపేవాళ్లు. ఆ ప్లాను వచ్చిన పొద్దున, తలుపులు తీసేలోగా సబ్బులు బిస్కెట్ల చోటికి, బిస్కెట్లు పిండి చోటికి చేరిపోవాలి.

"జనం వెతుక్కోవాలమ్మా. వెతికితేనే నాలుగు వస్తువులు కంటబడతాయి" అనేవాడు మేనేజరు.

మొదట్లో ప్లాను ఎప్పుడో ఒకసారి వచ్చేది. ఆ ఏడాది మాత్రం ఊపిరి తిప్పుకోనివ్వలేదు. ఆమె కాళ్లు ఒక ర్యాకుకేసి పోతే చెయ్యి ఇంకోదానికేసి పోయేది. ఇంటికొచ్చినా కుదురుండేది కాదు. తింటూ తింటూ లేచి పప్పుల డబ్బాలు కింది అరలోకి దించేది. మంచాన్ని ఈ గోడ నుంచి ఆ గోడకు లాగేది. భర్త లారీ డ్రైవరు, వారానికోసారి వచ్చేవాడు. తువ్వాలు కోసం ఇల్లంతా గాలించి, "నా ఇంటికి నేనే చుట్టాన్నయిపోయానే" అని నవ్వేవాడు.

అత్తగారు నవ్వలేదు. ఆవిడకు చూపు దాదాపు పోయింది. గోడ తడుముకుంటూ తన పనులు తనే చేసుకునేది. ఒక సాయంత్రం ఆమె పని నుంచి వచ్చేసరికి అత్తగారు వంటింటి గడప దగ్గర కూలబడి ఉంది. మోకాలు చీరుకుపోయింది. పొద్దున హడావిడిలో ఆమె జరిపిన స్టూలు పక్కనే బోర్లాపడి ఉంది.

ఆమె పరుగున నీళ్లు తెచ్చింది. పక్కన కూర్చుని గాయం కడిగింది.

"మనింటిక్కూడా హెడ్డాఫీసు నుంచి ప్లాను వచ్చిందేమిటే?" అంది అత్తగారు.

"తప్పయిపోయింది అత్తయ్యా."

"కళ్లు పోయినా ఇల్లొకటి కనబడేది నాకు. ఇప్పుడు అదీ పోయింది."

ఆ పూటే ఆమె అన్నిటినీ పాత చోట్లకు చేర్చడం మొదలుపెట్టింది. కొన్నిటి పాత చోటేదో ఆమెకే తట్టలేదు. అత్తగారే మంచం మీంచి చప్పుడు వింటూ చెప్పింది. "ఇంకాస్త ఎడమకి... ఆఁ, అక్కడ."

మళ్లీ ప్లాను వచ్చిన రోజు ఆమె మేనేజరు ముందు నిలబడింది.

"నన్ను ర్యాకుల పని నుంచి తప్పించండి సార్."

"నువ్వు లేకపోతే జనానికి దారి చూపేదెవరు?"

"ఇప్పుడు దారి నాకే తెలియట్లేదు సార్. ఇంటికెళ్లినా చేతులు ఊరుకోవట్లేదు. మా అత్తయ్యని పడేశాను."

మేనేజరు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "సరుకు వాపసు తీసుకునే కౌంటర్లో ఎవరూ నిలవట్లేదు. రోజంతా తిట్లే. వెళ్తావా?"

"అది చోటు మారదు కదా సార్?"

"మారదు."

"అయితే వెళ్తాను."

అక్కడ తిట్లకు లోటు లేదు. విరిగిన గొడుగులూ, పట్టని చొక్కాలూ పట్టుకొచ్చి మీద పడేవాళ్లు. ఆమె అన్నీ వినేది, కానీ మడమలు నేలకు ఆనేవి కావు. కౌంటరు వెనకున్న ఆ కాస్త జాగాలోనే అటూ ఇటూ తిరిగేది. ఇంట్లో దేనిమీదైనా చెయ్యి పడితే చాలు, లోపల్నుంచి అత్తగారి కేక వినబడేది.

"ఏంటది, కదుపుతున్నావు?"

"ఏం లేదత్తయ్యా, తుడుస్తున్నా" అని, ఎత్తినదాన్ని ఎత్తినచోటే దించి, ఆమె వీధి గుమ్మంలోకి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడేది.