తమ్ముడి ఫ్లెక్సీ

మా తమ్ముడు సముద్రంలో గ్యాసు తీసే రిగ్గు మీద వంటవాడు. డ్యూటీకి హెలికాప్టర్‌లో వెళ్లేవాడు. కొవ్వూరులో మా వీధి మొత్తానికి అదో ఘనత. "మీవాడికేంటండీ, గాల్లో వెళ్లి గాల్లో వస్తాడు" అనేవారు. ఆ రోజు కాకినాడ దగ్గర లేచిన హెలికాప్టర్ కాసేపటికే సముద్రంలో కూలిపోయింది. మిగతావాళ్ల మృతదేహాలు దొరికాయి. మావాడిది దొరకలేదు.

ఇక చూడాలి, మా ఇంటి ముందు కుర్చీల్లో ఎంతమంది ఇంజినీర్లు తేలారో. సైకిల్ చైను పడిపోతే నడిపించుకుంటూ వచ్చే మా బాబాయి, ఏ రెక్క ముందు విరిగిందో చెప్పాడు. పక్కింటాయన తప్పు పైలట్‌దేనని తేల్చేసి, ఇంకో కాఫీ అడిగాడు. కంపెనీ ఆఫీసరు మాత్రం రోజూ ఫోన్ చేసి, రైలు ఆలస్యమైందని చెప్పే గొంతుతో "గాలింపు జరుగుతోందండి" అనేవాడు.

అమ్మకు ఇవేవీ పట్టలేదు. ఆవిడకు కావలసింది ఒక్కటే: సమాధుల తోటలో నాన్న పక్కన కొడుకును మట్టి చెయ్యాలి. ప్రార్థన పెడదామని వచ్చిన పాస్టరుగారిని కూడా "వాణ్ణి రానివ్వండయ్యగారూ" అని వెనక్కి పంపేసింది.

మా వీధి యూత్ ఊరుకుంటుందా? సెంటర్లో ఫ్లెక్సీ కట్టేశారు. పైన నాయకుల మొహాలు, కింద నల్లకళ్లద్దాలతో వీళ్లు, మధ్యలో కాస్త ఖాళీ దొరికిన చోట నా పెళ్లికి కుట్టించుకున్న సూటులో నవ్వుతూ తమ్ముడు. వాడి వెనక ఇంత పెద్ద తెల్ల విమానం. వాడెక్కింది హెలికాప్టర్ కదా అంటే, "అది చిన్నదైపోద్దండి, నిండుగా ఉండదు" అన్నారు. పోయాక ప్రమోషన్ ఇచ్చారన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది.

ఒకరోజు ఆఫీసరు, అదే గొంతుతో, గాలింపు ఆపేశామన్నాడు. శవపెట్టె వచ్చింది. అందులో ఏం పెట్టాలి? బైబిలా, చొక్కానా అని సంఘపెద్దలు వరండాలో కమిటీ వేశారు. అమ్మ లోపలి నుంచి వచ్చి, "ఆ ఫ్లెక్సీ ఊడదీసి పట్రండి" అంది.

నేల మీద పరిచి నాకు కత్తెర ఇచ్చింది. ముందు నాయకులను తీసేశాను. తర్వాత నల్లకళ్లద్దాలను. ఆ కళ్లద్దాలవాళ్లే అంచులు కదలకుండా పట్టుకున్నారు. తమ్ముడూ విమానమూ మిగిలారు. చాల్లే అని పెట్టెలో పెట్టడానికి చుట్టబోయాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "విమానం కూడా తీసెయ్యవే. మళ్లీ ఎక్కనివ్వను వాణ్ణి."

నేను కత్తెర కింద పెట్టేశాను. అమ్మే తీసుకుని, వాడి జుట్టు తెగకుండా చుట్టూ కత్తిరించింది.