కొడుకు మీద బతికే తల్లి

"మీకేం ఫికర్, మీ తమ్ముడు మిలిట్రీల ఉన్నడు" అని ఊరంతా నాకే చెప్పేది. నిజమే, మిలిటరీ ఆసుపత్రిలో జవాను తల్లికి వైద్యం ఉచితం. కాకపోతే ఆ తల్లి కొడుకు మీదే ఆధారపడి బతుకుతోందని కాగితం కావాలి. మమ్మల్ని కన్న అవ్వ ఊపిరితిత్తిలో గడ్డ ఉందని కరీంనగర్ డాక్టరు చెప్పి అప్పటికే నెల దాటింది. తమ్ముడు ఎక్కడో సరిహద్దులో ఉన్నాడు. కాగితాల కోసం తిరగడం నా వంతయింది.

దరఖాస్తు పెట్టాక విచారణకు ఒక ఉద్యోగి ఇంటికొచ్చాడు. అవ్వ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. దగ్గు ఆగకపోయినా ఆమె చేతులు ఆగేవి కావు. బాపు పోయినప్పటి నుంచి మా ఇద్దరినీ సాకింది ఆ బీడీలే.

"అమ్మా, నీ కొడుకు మీద ఆధారపడి బతుకుతున్నవా?" అని అడిగాడాయన.

అవ్వ ఆకు కత్తిరించే కత్తెర కింద పెట్టింది. "నేనా? నేను ఎవ్వల మీద ఆధారపడి బతుకలే సారూ. నా రెక్కల మీద బతికిన. వాడు మిలిట్రీకి పోయిననాడు బూట్లు సుత నేనే కొనిచ్చిన. కావాలంటె ఊర్ల అడుగుండ్రి."

నేను లోపలి నుంచి ఉరికొచ్చేసరికే ఆయన రాసేసుకున్నాడు. తప్పు రాశాడని అనలేను, ఆమె చెప్పిందే రాశాడు. దరఖాస్తు వెనక్కి వచ్చింది. ఎవరి మీదా పడకుండా బతికినందుకు ఆమెకు మందు లేదన్నమాట.

మళ్లీ పెట్టాను. ఈసారి చాట తీసుకెళ్లి పక్కింట్లో దాచి, బడిపిల్లకు చెప్పినట్టు అవ్వకు పాఠం చెప్పాను.

"కొడుకు పెడితెనే తింటున్న అను. గంతే."

"అబద్ధం గదా బిడ్డా."

"అబద్ధమే! సావాల్నని ఉన్నదా నీకు?"

కన్నతల్లి మీద అట్లా అరవమని ఏ ఆఫీసూ నాకు చెప్పలేదు. అది నా సొంతం.

అదే ఉద్యోగి వచ్చాడు. అవ్వ ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "కొడుకు పెడితెనే తింటున్న సారూ. ఇగ నాతోని ఏం గాదు" అంది. ఆ రెండో మాట నేను నేర్పింది కాదు. ఆయన సంతకం పెడుతుంటే సిగ్గు లేకుండా సంతోషించాను.

మిలిటరీ ఆసుపత్రి కార్డు వచ్చింది. హైదరాబాద్‌లో మంచి వైద్యమే చేశారు, ఎవరూ ఆమెను చిన్నచూపు చూడలేదు. మందు ఎక్కించిన రోజు నోరంతా చేదుగా ఉందంటే బయటికి పోయి కొబ్బరిబొండం తెచ్చాను. అవ్వ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా నా మొహంలోకి చూసింది. ఎత్తిపొడుస్తుందేమో అనుకున్నాను. ఎత్తిపొడిచినా బాగుండేది. ఆమె నిజంగానే అడిగింది.

"తమ్మునికి ఫోన్ చేసి అడిగినవా బిడ్డా, తాగొచ్చునో లేదో?"