ఏ ఇంటి జన్యువు

పురానాపూల్ దగ్గర మాకు ఒకప్పుడు ఇనాం భూములు, రెండు గుర్రాల బగ్గీ ఉండేవి. నా వంతుకు మిగిలింది చక్కెర వ్యాధి ఒక్కటే. తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి అక్కకూ నాకూ, ఎవరూ కోర్టు మెట్లెక్కకుండా వచ్చిన ఆస్తి అది.

పోయిన ఏడాది చెప్పు ఒరుసుకుని నా ఎడమకాలి బొటనవేలికి పుండు పడింది. నెల దాటినా మానలేదు. మాత్రలు ఇక చాలవని, రోజూ ఇన్సులిన్ వేసుకోవాలని మలక్‌పేటలో నన్ను చూసే డాక్టరమ్మ చెప్పింది. చొక్కా ఎత్తి పొట్టలో పొడిపించుకోవడం మా ఇంటి మగవాళ్ళకు తగదని నా అభిప్రాయం. అందుకే పత్రికలో జన్యు చికిత్స గురించి చదివి, అక్కను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. అక్క ఏళ్ళ తరబడి ఇన్సులిన్ మీదే ఉంది.

"ఒక్కసారి చేయించుకుంటే సరిపోతదట గదా. అది వచ్చేదాక ఆగుతా," అన్నాను.

డాక్టరమ్మ ఓపికగా వివరించింది. హాని చేయకుండా మార్చిన వైరస్‌లో ఒక జన్యువును పెట్టి ఒంట్లోకి పంపుతారట. అది చేరిన కణాలు ఇన్సులిన్ తయారుచేయడం నేర్చుకుంటాయట.

"ఆ జన్యువు ఎవరిది?"

"అంటే ఏంది సార్?"

"ఏ ఇంటిదని అడుగుతున్న. ఎవరిదో ఏందో తెల్వకుండ లోపలికెట్ల రానిస్తం?"

"ల్యాబ్‌ల తయారైతది సార్. దానికి ఇంటిపేరుండదు."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పరీక్షలింక నడుస్తున్నయి," అంది డాక్టరమ్మ. "మీదాక ఎప్పుడొస్తదో నేను చెప్పలేను. వేలు మాత్రం అన్ని రోజులు ఆగదు. గిట్లనే ఉంటే తీసెయ్యాల్సి వస్తది."

"వింటున్నవా తమ్మీ," అంది అక్క. "భూములు పోయినయి, బగ్గీ పోయింది. బొటనవేలన్న ఉంచుకో."

"అందరి ముందట పొట్ట చూపియ్యాల్నా?"

"నీ పొట్ట చూసెటందుకు ఎవ్వరు టికెట్ కొనలే. తలుపేసుకొని ఏసుకో."

మర్నాడు పొద్దున టిఫిన్‌కు ముందు అక్కే ఇన్సులిన్ సూది పట్టుకుని వచ్చింది. కుర్చీలో నిటారుగా కూర్చుని గోడకేసి చూశాను.

"అయిపోయింది," అంది.

"ఎప్పుడు?"

"నువ్వు గోడను బెదిరిస్తున్నప్పుడు. నొప్పైందా?"

అసలు తెలియనే లేదు. కానీ అయిందన్నాను. లేదంటే ఇన్నాళ్ళూ దేనికి మొండికేశానో ఆమెకు చెప్పాల్సి వచ్చేది. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్ళూ ప్రతి పొద్దునా నొప్పిగానే ఉందని చెబుతూ వచ్చాను.